తొప్పి మోత

గది పూర్తయ్యాక మొదట వినిపించింది మా నాన్నగారికే. 2016 శ్రావణమాసం. గుంటూరులో మా డాబా మీద కొత్తగా వేసిన గది, రంగుల వాసన ఇంకా పోలేదు. లోపల ఒకే ఒక్క కుర్చీ, ఎదురుగా నడుమెత్తు స్పీకర్లు రెండు. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఒక కర్ణాటక కచేరీ రికార్డింగు పెట్టాను. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా మోగే ఘట్టం, మొదలయ్యేసరికి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకాస్త విని, లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డారు.

"తొప్పి మోత ఎక్కువైందిరా. ఆయన ఒక్క దెబ్బ కొడితే నాకు మూడు వినపడుతున్నాయి. తలుపు తీసి ఉంచు, కాస్త నయంగా ఉంటుంది" అన్నారు.

తొప్పి అంటే మృదంగానికి ఎడమవైపు మూత. వాయించబోయే ముందు దాని మీద తడిపిన రవ్వ ముద్ద అద్దుతారు. ఆ బరువుతోనే దానికి ఆ లోతు వస్తుంది. నాన్నగారు బడిలో పంతులుగా పనిచేస్తూనే తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పాతికేళ్లపాటు హరికథలకు మృదంగం వాయించారు. ఎన్ని రాత్రులు ఆ మృదంగం సంచీ మోసుకుంటూ ఆయన వెనక నడిచానో నాకు తెలుసు. అయినా ఆ రోజు నా మనసులో మెదిలిన మాట ఇది: డెబ్బై ఎనిమిదేళ్ల చెవులు, ఏం వినపడుతోందో ఏమో. పైకి అనలేదు. బయటి చప్పుడు లోపలికి రాకూడదని తలుపు మాత్రం మూసేశాను.

ఆ తలుపు మూసిన క్షణం దగ్గర్నుంచి రెండున్నరేళ్లు నేను చేసిన పనులన్నీ తప్పులే. వాటిని దాచుకోకుండా చెప్పాలనిపిస్తోంది. ఇలాంటి గది కట్టుకోవాలని ఉద్యోగం పొడుగునా డబ్బు దాచుకునేవాళ్లు నాకు కనీసం ముగ్గురు తెలుసు.

నేనూ అలాగే దాచాను, పదిహేనేళ్లు. ఏ స్పీకర్ గుణం ఏమిటి, ఏ ఆంప్లిఫయర్‌కి ఎంత శక్తి అన్నది రాత్రిళ్లు కూర్చుని చదివాను. నోటుపుస్తకాలు నింపాను. గది కొలతల గురించి మాత్రం పట్టుమని పది నిమిషాలు ఆలోచించలేదు. డాబా మీద 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు స్థలం ఉంది. "మొత్తం వేసేద్దామా సార్, చదరంగా వేద్దామా?" అని మేస్త్రి అడిగాడు. చదరమన్నాను. మిగిలిన ఆరడుగుల్లో మా ఆవిడ పూలకుండీలు పెట్టుకుంటానంది, నాకూ చూపుకి చదరమే ముచ్చటగా తోచింది. అలా 12 అడుగులు, 12 అడుగులు, ఎత్తు 10. ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు, కింద నున్నటి టైల్స్. రోడ్డు చప్పుడు రాకుండా ఉన్న ఒక్క కిటికీ కూడా మూయించేశాను. లోపల పుట్టిన శబ్దం బయటికి పోయే దారి కూడా దానితోనే మూసుకుపోయింది. ఆ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

నాన్నగారు చెప్పిన మోత నాకూ వినపడింది, నిజం చెప్పాలి. నెల తిరిగేసరికి ఒప్పుకోక తప్పలేదు. కానీ తప్పు గదిలో ఉందని అనుకోలేదు. ఆంప్లిఫయర్‌కి చేవ చాలక బాస్ అదుపు తప్పుతోందని అమ్మినతను చెబితే నమ్మి, 60 వాట్లది తీసేసి 120 వాట్లది కొన్నాను. వాట్లు రెట్టింపయితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి అది కాస్త పెరిగినట్టు అనిపిస్తుందంతే, రెట్టింపయినట్టు కాదు. మోత తగ్గకపోగా ఆ కాస్తా పెరిగింది. తర్వాత కేబుల్స్. స్పీకర్లకి వెళ్లే రెండు తీగల కోసం మా అమ్మాయి కాలేజీ ఫీజు అంత డబ్బు పెట్టాను. అవి బిగించిన రోజు స్వరం తేటపడిందని ఇంట్లో అందరికీ చెప్పాను. నేను కళ్లు మూసుకుంటే అమ్మాయి పాత తీగలు, కొత్త తీగలు మార్చి మార్చి పదిసార్లు వినిపించింది. ఐదుసార్లు సరిగ్గా చెప్పాను. నాణెం ఎగరేసినా అంతే వచ్చేది. ఆ పిల్ల ఒక్క మాటా అనకుండా కిందికి వెళ్లిపోయింది. ఆ మౌనం ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఇంకో సంగతి నన్ను బాగా తప్పుదారి పట్టించింది. ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత 78 రికార్డుల వయొలిన్ పెడితే అదే గది ఎంతో హాయిగా పలికేది. దాంతో, పాతవాళ్లు బాగా రికార్డు చేశారు, కొత్త రికార్డింగుల్లోనే బాస్ ఎక్కించేస్తున్నారు అని తీర్పు ఇచ్చేశాను. అసలు కారణం వేరు. ఆ పాత రికార్డుల్లో అడుగు స్థాయి నాదాలు చాలా తక్కువ. గదిని రెచ్చగొట్టే స్వరం వాటిలో లేదు కాబట్టి గది ఊరుకుంది. నిజంగా కారణం వెతికేవాణ్నయితే, ఏది బాగుంది ఏది బాగాలేదు అన్న ఆ తేడాలోనే జవాబు దొరికేది.

ఆ తర్వాత, కోడిగుడ్ల అట్టల ఆకారంలో ఉండే స్పాంజి షీట్లు తెచ్చి నాలుగు గోడలకీ అంటించాను. ఇది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. రెండంగుళాల స్పాంజి పై స్థాయి శబ్దాల్నే మింగుతుంది. తంబురా జీవం, తాళాల గణగణ, గాయని అక్షరాల అంచులు, అన్నీ అది మింగేసింది. కింది స్థాయి మోతని అది ముట్టుకోలేదు. పైది పోయి కిందిది మిగిలేసరికి గది ఖాళీ గాదెలా గుమ్మనడం మొదలుపెట్టింది.

అదే సమయంలో స్పీకర్లలో సన్నటి హమ్ కూడా మొదలైంది. కంప్యూటర్ ఒక ప్లగ్గులో, ఆంప్లిఫయర్ వేరే గోడ మీది ప్లగ్గులో ఉండటం వల్ల రెండు ఎర్త్‌ల మధ్య చుట్టు ఏర్పడి మన 50 హెర్ట్జ్ కరెంటు మోత లోపలికి వచ్చింది. నేనేం చేశానంటే, ఆంప్లిఫయర్ ప్లగ్గులో లావుపాటి ఎర్త్ పిన్ను విరగ్గొట్టాను. హమ్ ఆగిపోయింది. ఎనిమిది నెలలు దాన్ని అలాగే వాడాను. లోపల ఒక్క తీగ ఊడి ఇనప పెట్టెకి తగిలితే, దాన్ని తుడవడానికి వచ్చే మా ఆవిడ ప్రాణం పోయేది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మా వీధి ఎలక్ట్రీషియన్ చూసి, కొత్త ప్లగ్గు వేసి, అన్ని పరికరాలనీ ఒకే బోర్డు మీదికి, ఒకే ఎర్త్‌కి తెచ్చాడు. హమ్ పోయింది. అయిన ఖర్చు నాలుగు వందలు.

2019 సంక్రాంతికి నాన్నగారు తెనాలి నుంచి వస్తూ మృదంగం తెచ్చుకున్నారు. అటక మీద ఏళ్ల తరబడి ఉండిపోయిన దానికి కొత్త మూతలు వేయించారట. భోజనాలయ్యాక దాన్ని మోసుకుంటూ మెట్లెక్కుతుంటే, కిందే వాయించండి నాన్నగారూ అన్నాను. వినలేదు. గదిలో టైల్స్ మీద చాప పరిచి కూర్చున్నారు. అమ్మ గిన్నెలో తెచ్చిన రవ్వ ముద్ద వేలితో తీసి తొప్పి మధ్యలో అద్దారు. "నీ మిషన్లన్నీ కట్టెయ్యి" అన్నారు. కట్టేశాను. తలుపు మూయమన్నారు. మూశాను.

ఒక్క దెబ్బ కొట్టారు. చేతిని అలాగే గాలిలో ఉంచి నా మొహంలోకి చూశారు.

గది మూలిగింది. చెయ్యి తీశాక కూడా ఆ నాదం గోడల్లో తిరుగుతూనే ఉంది. ఆంప్లిఫయర్ లేదు, కేబుల్ లేదు, రికార్డింగు లేదు. తోలు, చెక్క, ఇటుక గోడలు, అంతే. మళ్లీ కొట్టారు. ఈసారి లేచి వెళ్లి వెనక గోడకి, అంటే నా కుర్చీ ఉండే చోట, ఆనుకుని నిలబడ్డాను. అక్కడ మోత ఇంకా బండగా ఉంది. గది మధ్యకి వస్తుంటే దారిలో ఒకచోట చాలావరకు తగ్గిపోయింది. ఆయన తలుపు తీయమన్నారు. తీసేసరికి తొప్పి తొప్పిలా వినపడింది. ఆ మృదంగాన్ని నేను చిన్నప్పుడు విన్నది ఆరుబయట పందిళ్ల కింద. ఆ స్వరం నాకు వెంటనే గుర్తొచ్చింది.

"ఈ గదికి ఒక శ్రుతి ఉందిరా. తొప్పి ఆ శ్రుతిలో పడుతోంది" అన్నారు నాన్నగారు. ఇంతకన్నా సరిగ్గా ఏ ఇంజనీరూ చెప్పలేడు.

ఆ మాటకి లెక్క తర్వాత వేశాను. గాలిలో ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళుతుంది. 12 అడుగులంటే 3.66 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య సగం తరంగం సరిగ్గా ఇమిడేది 47 హెర్ట్జ్ దగ్గర, పూర్తి తరంగం ఇమిడేది 94 దగ్గర. ఆ స్థాయి నాదాలు గోడ నుంచి గోడకి కొట్టుకుంటూ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ప్రతి గదికీ ఇలాంటివి ఉంటాయి. కానీ పొడవూ వెడల్పూ వేర్వేరయితే ఆ బరువు రెండు మూడు చోట్లకి పంచుకుపోతుంది. నా చదరపు గదిలో రెండు జతల గోడలూ అవే రెండు అంకెల మీద పడ్డాయి. మా నాన్నగారి తొప్పి పలికేది ఆ రెండో అంకె పక్కనే. పైగా నా కుర్చీ వెనక గోడకి ఆనించి ఉంది. గోడ దగ్గరే ఆ నాదాల ఒత్తిడి గరిష్ఠంగా ఉంటుంది. ముచ్చటపడి కట్టుకున్న చదరంలో అన్నిటికన్నా చెడ్డ చోటు ఏరి కూర్చున్నాను.

చెవుల గురించి కూడా అప్పుడే తెలుసుకున్నాను. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందు పై స్థాయి శబ్దాలని తీసుకుపోతుంది. పిట్టల కూత, స, ష లాంటి అక్షరాలు ముందు పోతాయి. కింది స్థాయి వినికిడి చాలాకాలం నిలుస్తుంది. అంటే, తొప్పి విషయంలో ఆ రోజు ఆయన చెవికి లోటేమీ లేదు. పాతికేళ్లు ఆ ఒక్క నాదాన్ని అరచేతితో పట్టి చూసిన మనిషి చెప్పిన మాటని వయసు సాకుతో తీసేశాను. ఈ విషయం ఆయనతో చెప్పి క్షమాపణ అడిగాను. "గది బాగుచెయ్యి ముందు" అన్నారు.

బాగుచెయ్యడం దుప్పట్లు, పరుపులతో మొదలైంది. ఈ శాస్త్రానికి పునాది కూడా దిండ్లేనని చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరం ఎవరి మాటా అర్థం కానంతగా ప్రతిధ్వనిస్తుంటే, వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి దాని సంగతి చూడమని అప్పగించారు. ఆయన రాత్రిళ్లు పక్క నాటకశాల నుంచి కుర్చీల మీది దిండ్లు మోయించుకొచ్చి, ఎన్ని పెడితే శబ్దం ఎంతసేపట్లో అణుగుతుందో ఆర్గన్ గొట్టం ఊది, గడియారం పట్టుకుని కొలిచాడు. ఆ దిండ్ల లెక్కల్లోంచే గది ఘనపరిమాణానికీ, అది మింగే శబ్దానికీ, ప్రతిధ్వని కాలానికీ మధ్య సూత్రం పుట్టింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకి సలహా ఇచ్చింది కూడా ఆయనే.

మా ఇంట్లోని రెండు దూది పరుపులు చుట్టి, తాళ్లతో కట్టి ఎదురు మూలల్లో నిలబెట్టాను. తేడా ఆ రాత్రే వినపడింది. ఆ తర్వాతే కొలిచే మైకు ఒకటి కొని, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ప్రోగ్రాంతో గదిని కొలిచాను. తెర మీద గీతలో 47 దగ్గర ఒక కొండ, 94 దగ్గర ఒక కొండ. రెండున్నరేళ్ల క్రితం నాన్నగారు తలుపు దగ్గర నిలబడి చెప్పినదాన్నే బొమ్మ గీసినట్టుంది. తలుపు తెరిచి కొలిస్తే మొదటి కొండ కొంత తగ్గింది.

స్పాంజి షీట్లు పీకేశాను. వడ్రంగి చేత చెక్క ఫ్రేములు చేయించి, ఘనమీటరుకి 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ పలకలు నాలుగంగుళాల మందాన నింపించాను. అది చేతికి తగిలితే దురద పుడుతుంది, గ్లవ్స్, మాస్కు లేకుండా ముట్టుకోకూడదు. ముందు పల్చటి గుడ్డలో చుట్టి, పైన మంగళగిరి నేతబట్ట బిగించాం. నోటితో ఊదితే అవతలికి గాలి పోయే బట్ట కావాలి, పోకపోతే శబ్దం కూడా లోపలికి వెళ్లదు. నాలుగు మూలల్లో నేల నుంచి శ్లాబు దాకా వాటిని, గోడకీ ఫ్రేముకీ మధ్య ఖాళీ వదిలి, అడ్డంగా నిలబెట్టాను. కుర్చీని వెనక గోడ నుంచి నాలుగడుగులు ముందుకు జరిపాను. 12లో మూడో వంతు. ముందూ వెనకా గోడల మధ్య ఆడే ఆ రెండు నాదాల ఒత్తిడి అక్కడ గోడ దగ్గరున్నదానిలో సగమే. కుర్చీ జరపడానికి పైసా ఖర్చు లేదు. అందుకే పదిహేనేళ్లలో అది నా నోటుపుస్తకాల్లోకి ఎక్కలేదేమో.

ఫ్రేములన్నిటికీ కలిపి కేబుల్స్‌కి పెట్టినదాంట్లో సగం కూడా కాలేదు. 94 దాదాపు చదునయింది. 47 పూర్తిగా లొంగలేదు. దాని తరంగం పొడవు ఏడు మీటర్ల పైచిలుకు, నాలుగంగుళాల పలక దానికి ఏ మూలకి? మిగిలిన ఆ కొండని కంప్యూటర్‌లోనే ఈక్వలైజర్‌తో చెక్కేశాను. కొండలని అలా తగ్గించవచ్చు. గోతులని పూడ్చబోతే స్పీకర్ అలిసిపోతుంది తప్ప గొయ్యి నిండదు. ఆరడుగులు కుండీలకి వదిలేసి ఉండకపోతే ఈ తంటాల్లో సగం ఉండేవి కావు. ఆ గోడ ఇప్పుడు పగలగొట్టలేను, పైన నీళ్ల ట్యాంకు ఉంది. ఆంప్లిఫయర్ 120 వాట్లదే ఉంది. అమ్మబోతే మూడో వంతు ధర చెప్పారు.

నాన్నగారి కోసం రెండో కుర్చీ వేశాను. అసలు చోటు ఆయనది, నేను పక్కన కింద కూర్చుంటాను, కాబట్టి రెండోది ఎక్కువగా ఖాళీగానే ఉంటుంది. పోయిన ఉగాదికి వచ్చినప్పుడు 2016లో పెట్టిన కచేరీనే మళ్లీ పెట్టాను. తలుపు అలవాటుగా తీసే ఉంచాను. తని ఆవర్తనం మొదలైంది. ఆయన కుడిచెయ్యి మోకాలి మీద తాళం వేస్తోంది, ఎడమచెయ్యి గాలిలోనే తొప్పి మీద వాలి లేస్తోంది. కళ్లు మూసుకునే ఉన్నారు.

"తలుపు వేసెయ్యరా, పక్కింటి మోటారు వినపడుతోంది" అన్నారు.

లేచి వేశాను.