అవ్వ జారిపడిన రోజు



నేను తిరుపతిలో వైద్యం చేస్తున్న రోజుల్లో ఒక ఉదయం, చంద్రగిరి పక్క పల్లె నుంచి డెబ్బై నాలుగేళ్ళ అవ్వను ఆమె కొడుకు బస్సులో తీసుకువచ్చాడు. తెల్లవారుజామున కళ్ళాపి చల్లుతూ జారి, అరుగు అంచు మీద ఎడమ పక్కకు పడిందట. "ఏం లేదు నాయనా, పక్కలో రవంత నొప్పి" అన్నది. నాడి 72, పై రక్తపోటు 118. ఆ అంకెలు చూసి నిశ్చింతపడి, నొప్పి మాత్రలు రాసి ఇంటికి పంపాను.

సాయంత్రానికి స్పృహ లేని స్థితిలో తిరిగి తెచ్చారు. విరిగిన పక్కటెముకల కింద ప్లీహం చిట్లి, కడుపులో రక్తం నిండింది. శస్త్రచికిత్స చేసి, రక్తం ఎక్కించాక బ్రతికింది. ఆమె మామూలు రక్తపోటు 160 అనీ, రోజూ అటెనొలాల్ వాడుతున్నదనీ తరువాత తెలిసింది. రక్తం పోతున్నప్పుడు గుండె వేగం పెరగాలి. ఆ మాత్ర దానిని అణచివేస్తుంది. 160 ఉండే మనిషికి 118 అంటే పతనమే. ఆ సంగతి నేను అడగలేదు. అరవై అయిదు దాటిన క్షతగాత్రులలో పై రక్తపోటు 110 కంటే తగ్గితేనే ప్రమాద సూచనగా వైద్యులు నేడు పరిగణిస్తారు.

తలకు దెబ్బ తగిలితే మరింత జాగ్రత్త అవసరం. వయసుతో మెదడు కుంచించుకుపోయి, దాని పైనున్న సిరలు సాగి ఉంటాయి. రక్తం మెల్లగా ఊరి, కొన్ని వారాల తరువాత మతిమరుపుగా, తూలుడుగా బయటపడవచ్చు. దానిని ముసలితనమని సరిపెట్టుకోవద్దు. రక్తం పలుచబడే మందులు వాడేవారికి, బాగున్నట్లు కనిపించినా, సీటీ స్కాన్ అవసరం.

పడిన తరువాత కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగి ఉండవచ్చు. మన ప్రాంతంలో పుత్తూరు కట్టుకు ఉన్న పేరు నాకు తెలుసు. అయితే తుంటి విరిగిన వృద్ధులకు కట్టుతో వారాల తరబడి మంచాన పడి ఉండటమే ముప్పు: నిమోనియా, పుండ్లు, కాళ్ళలో రక్తపు గడ్డలు. వీలైనంతవరకు రెండు రోజుల లోపే శస్త్రచికిత్స జరగాలి. కాలిని లాగకుండా, మర్దన చేయకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ రాత్రే మీ ఇంటి పెద్దల మామూలు రక్తపోటు, వాడే మాత్రల పేర్లు ఒక చీటీ మీద రాసి, ఆధార్ కార్డుతో పాటు ఉంచండి. వారు పడితే, పడే ముందు కళ్ళు తిరిగాయా అని అడిగి, అదీ వైద్యునికి చెప్పండి. ఆనాడు అవ్వ కొంగుముడిలో అలాంటి చీటీ ఉండి ఉంటే, నేను ఆమెను ఇంటికి పంపేవాణ్ణి కాదు.