ఒకే తూము, రెండు ఇళ్లు

మన గోదావరి డెల్టాలో పుట్టినవారికి నీరు పంచుకోవడం ఒకరు నేర్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుండి పెద్ద కాలువ, పిల్ల కాలువ, తూము, బోదె అనే మాటలు మన నోళ్లలో నానుతూనే ఉన్నాయి. ఒక తూము కింది రైతులు ఒక మాట మీద ఉంటేనే చివరి చేనుకు నీరు అందుతుంది. మా ఇంట్లో ఇంటర్నెట్ పెట్టుకొన్నప్పుడు ఈ సంగతే నాకు పదేపదే గుర్తుకు వచ్చింది. మీలో అనేకులు ఇదే పని తలపెట్టి ఉంటారు గనుక, మాకు తెలిసివచ్చిన నాలుగు మాటలు పంచుకొంటున్నాను.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చినది 1995 ఆగస్టు 15న. అది పల్లె గడపకు రావడానికి ఇరవై ఏళ్లు పైగా పట్టింది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ప్రభుత్వ ఫైబర్ నెట్ మొదలైంది. మరుసటి సంవత్సరం డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆ పథకాన్ని రాష్ట్రానికంతటికీ ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, టెలిఫోను, ఇంటర్నెట్ మూడూ ఇచ్చారు. కరెంటు స్తంభాల మీదుగా వెంట్రుకంత గాజుపోగు వచ్చి, వెలుగు రూపంలో సమాచారాన్ని మన గోడ దాకా తెస్తుంది. గోడ మీది పెట్టెను తూము అనుకోండి. అక్కడినుండి ఇంట్లోకి పారించుకొనే బాధ్యత మనదే.

మాది ఒకే దొడ్లో రెండు ఇళ్లు. ముందున్న డాబా మాది, వెనుక తాతగారి నాటి పెంకుటిల్లు తమ్ముడిది. తుంటి ఎముక విరిగిన తరువాత అమ్మ ఆ పెంకుటింటి వెనుక గదిలో మంచానికే పరిమితమైంది. చెల్లెలు కువైట్‌లో ఒకరి ఇంట పని చేస్తోంది. శుక్రవారం దానికి సెలవు. అక్కడ సాయంత్రం ఆరయ్యేసరికి మనకు రాత్రి ఎనిమిదిన్నర. ఆ వేళకు వీడియో కాల్ చేస్తుంది. పెట్టె ఉన్నది మా హాలులో గనుక, అమ్మ గదిలో చెల్లెలి ముఖం కదలక నిలిచిపోయేది, మాట తెగిపోయేది. "అది నవ్వుతోందా, ఏడుస్తోందా, సరిగా చెప్పండిరా" అని అమ్మ అడిగేది. మా దగ్గర జవాబు ఉండేది కాదు.

వై-ఫై కూడా రేడియో తరంగమే. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగంగా మోస్తుంది గాని గోడ దాటలేక అలసిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నెమ్మదైనా కొంత దూరం పోతుంది. మూరెడు మందం గోడ, ఇనుప బీరువా, రేకుల కప్పు, వానకు తడిసిన చెట్ల ఆకులు, ఇవన్నీ రెంటికీ అడ్డే. అలాంటప్పుడు మరింత పెద్ద ప్లాను కొన్నా ప్రయోజనం లేదు. కాలువలో నీరు పెంచినంత మాత్రాన బోదె లేని చేను తడవదు గదా!

కాబట్టి తీగ లాగాము. నెట్‌వర్కు తీగలో ఎనిమిది సన్నని రాగి తీగలు రెండేసి చొప్పున మెలివేసి ఉంటాయి. అది నూరు మీటర్ల వరకు నమ్మకంగా పని చేస్తుంది. బజారులో అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక రకం కూడా అమ్ముతారు, అడిగి అసలు రాగిదే తీసుకోండి. దానిని ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి దొడ్లోనుండి వెనుక ఇంటికి తీసుకొనిపోయి, అమ్మ గది గుమ్మం పైన రెండవ వై-ఫై పెట్టె బిగించాము. రెండు పెట్టెలకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాము. అయితే ఒక జాగ్రత్త ఉంది. ప్రతి ఫోనుకూ ఇంటి నంబరు వంటి చిరునామా ఇచ్చే పని ఒక్క పెట్టెకే ఉండాలి. రెండూ పంచిపెట్టబోతే, ఇద్దరు పెద్దలున్న ఇల్లులా, ఎవరి మాట వినాలో తెలియక అంతా చిక్కుపడుతుంది. రెండవదానిలో ఆ పని ఆపివేయాలి.

కదలని వస్తువులకు తీగ, కదిలేవాటికి గాలి అనేది మంచి సూత్రం. మా టీవీకి, పిల్లల కంప్యూటరుకు తీగ ఇచ్చాము. ఫోనులకు వై-ఫై చాలు. రెండు ఇళ్లకూ కలిపి ఒకే ప్రింటరు పెట్టాము. ఉరుములు మెరుపులు మొదలైతే రెండు పెట్టెల కరెంటు ప్లగ్గులు, మధ్య తీగ రెండు కొసలు ఊడదీస్తాము. గాజుపోగు గుండా పిడుగు రాదు గాని రాగి తీగ గుండా వస్తుంది.

తీగ కంటె కష్టమైనది మాట. ఆస్తి పంచుకొన్న నాటినుండి మా రెండు ఇళ్ల మధ్య డబ్బు ప్రస్తావన ఉండేది కాదు. బిల్లు నేనే కడతానన్నాను. మరదలు ఒప్పుకోలేదు. "సగం మేమిస్తాం బావగారూ. ఊరికే వాడుకొంటే, రేపు మా వాడు రాత్రంతా ఆటలాడినా మీరు మొగమాటపడి అడగరు. మీ వాళ్లను మేమూ ఏమీ అనలేము" అన్నది. ఆ మాటలో ఎంతో వివేకం ఉంది. సగం కట్టడంతో ఇద్దరికీ అడిగే హక్కు వచ్చింది. ఆ రాత్రే రెండు కుటుంబాలూ కూర్చుని కట్టుబాట్లు చేసుకొన్నాము. రాత్రి పదింటికి పిల్లల ఫోనులకు నెట్ ఆగిపోవాలి. పెట్టెతోపాటు వచ్చిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చాలి. కొత్తది ఇద్దరు పెద్దలకు తెలియాలి. వచ్చిన అతిథులకు వేరే పేరుతో అతిథి నెట్‌వర్కు ఇవ్వాలి. మన కనెక్షన్ మీద ఎవరు ఏ తప్పు చేసినా ముందు అడిగేది మననే గదా.

ఇప్పుడు శుక్రవారం రాత్రి రెండు ఇళ్లవారమూ అమ్మ గదిలోనే చేరుతున్నాము. కుటుంబ ప్రార్థనలో చెల్లెలి గొంతు కూడా కలుస్తుంది. మొన్న అమ్మ తెర దగ్గరకు తెమ్మని, తదేకంగా చూసి, "చిక్కిపోయావే" అన్నది. చెల్లెలు లేదని నవ్వింది. అమ్మ నమ్మలేదు. ముఖం స్పష్టంగా కనబడుతోంది మరి.

ప్రియ పాఠకులారా, నెట్ పెట్టేవారు వచ్చి పెట్టె ఎక్కడ బిగించమంటారని అడిగితే వెంటనే హాలు చూపించకండి. ముందు ఫోను పట్టుకొని ఇల్లంతా తిరగండి. మీ ఇంట్లో లేవలేనివారి మంచం ఎక్కడుందో చూసి, తరువాత చెప్పండి.