కళ్లపు దుమ్మును పసిబిడ్డయు

మీ గ్రామములో ఒక బిడ్డకు మూత్రపిండము మార్పించి ఇంటికి తెచ్చినయెడల ఊరంతయు చూడబోవును. అది మన కృష్ణా డెల్టా మర్యాద. ఆ ఇంటివారు మిమ్మును గడప దగ్గరనే ఆపినయెడల కోపగించుకొనకుడి.

మన దేశములో మూత్రపిండ మార్పిడి మొదట సఫలమైనది 1971లో, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో. విజయవాడలో రైలెక్కి కాట్పాడిలో దిగు మనవారికి ఆ ఊరు క్రొత్త కాదు. క్రొత్త అవయవమును శరీరము పరాయిదని త్రోసివేయకుండ బిడ్డకు ప్రతిదినము మందులిత్తురు. అవి శరీరపు కావలివారిని నిద్రపుచ్చును. వింత చూడుడి: ఆ మందులలో ఒకటైన సైక్లోస్పోరిను నార్వే దేశపు మట్టిలో దొరికిన బూజునుండియే వచ్చినది. బూజు చేసిన మేలే బూజునకు తలుపు తీయుచున్నది.

ఆస్పర్‌జిల్లస్ అను బూజు గడ్డివాములలోను, తడిసిన ధాన్యములోను, ఎరువు కుప్పలలోను పెరుగును. నూర్పుల వేళ దాని విత్తనములు దుమ్ముతో లేచును. (ఇప్పుడు మిషనే కోసినను దుమ్ము దుమ్మే గదా!) మీరును నేనును దానిని పీల్చి, తుమ్మి, మరచిపోదుము. ఆ బిడ్డ ఊపిరితిత్తులలో అది వేరుపారగలదు. పావురాల రెట్టలోని మరియొక బూజు మెదడువరకు పోగలదు.

నేనెరిగిన ఒక అమ్మమ్మ మనుమనికి వాము నీడను మంచము వేయబోగా కూతురు చేయి పట్టుకొని ఆపెను. “పంట ఇంటికి వచ్చు దినములలో బిడ్డను గదిలో దాచుదునా?” అని ముసలామె కంటతడి పెట్టెను. ఆమె బాధ చిన్నది కాదు. అయినను కూతురు చేసినదే సరి.

అట్టి బిడ్డకు బూజు సోకినను జ్వరము అంతగా కనబడకపోవచ్చును. జ్వరము పుట్టించు బలమే తగ్గియున్నది. నోటిలో తెల్లని పొర, మానని దగ్గు, ఆయాసము, ముఖమున వాపు కనబడినచో ఆ దినమే మార్పిడి చేసిన వైద్యులకు తెలుపవలెను. మందుల కొట్టులో అడిగి ఫ్లుకొనజోలు బిళ్ల వేయకుడి. అది టాక్రోలిమస్ మందును రక్తములో మితిమీరి నిలిపి క్రొత్త మూత్రపిండమునే చెరుపగలదు. వైద్యులు అదే బిళ్ల ఇచ్చినను రక్తము పరీక్షించి, రెండవ మందును తగ్గించి ఇత్తురు.

మొదటి నెలలలో భయము ఎక్కువ. కళ్లమునుండి నేరుగా పోకుడి. స్నానముచేసి, బట్టలు మార్చుకొని, వసారాలోనుండి పలుకరించుడి. వట్టి చేతులతో పోవుటకు మనసొప్పనిచో క్రొత్త వడ్ల మూటకు బదులు ఆ తల్లికి వేలూరు రైలు ఛార్జీ ఇయ్యుడి.