చేతి పదును

పలనాటి సీమలో ఎండ యెక్కువ, రాయి యెక్కువ. 1967వ సంవత్సరమున నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట అచ్చట కొంత భూమి మాగాణి యయ్యెను గాని, గురజాల, మాచర్ల ప్రాంతములలో పత్తి, మిరప, కంది పండు మెట్టచేలు నేటికిని విస్తారముగా కలవు. అచ్చటి యిండ్లలో పండుగ వచ్చిన అరిసెలు వండుదురు; పిల్లలు వచ్చిన వేరుసెనగ ఉండలు చేయుదురు; గుడిలో కొట్టిన కొబ్బరికాయలు మిగిలినచో కొబ్బరిలౌజు చేయుదురు. తీపి యన్న ఇవియే. అట్టి యొక వంటయింట అమెరికాదేశపు చాక్లెటు కుకీలు తయారైన వృత్తాంత మిది.

గురజాలకు చేరువనున్న ఒక గ్రామమున డెబ్బది యేండ్లు దాటిన అవ్వ యొకతె కలదు. ఆమె కుమారుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమునందలి డల్లాసు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. అతని కుమార్తెకు పదమూడేండ్లు. ఆ బాలిక యొక యేడు డిసెంబరు సెలవులలో తల్లిదండ్రులతో హైదరాబాదున విమానము దిగి, వాడపల్లివద్ద కృష్ణానది దాటి, దాచేపల్లి మీదుగా నాయనమ్మ యింటికి వచ్చెను. పెట్టెలో ఒక కోకోపొడి డబ్బాయు, ఒక పీకాన్ పప్పుల పొట్లమును తెచ్చెను.

వానిని తెచ్చుటకు కారణము కలదు. ఆమె చదువు పాఠశాలలో ఉపాధ్యాయిని పిల్లల కందరికిని ఒక పని యప్పగించెను. ఇంటి వంట యొకటి నేర్చి, దాని కొలతలను, చేయు విధమును, ఎవరివద్ద నేర్చిరో వారి పేరును ఒక పుటలో వ్రాసి తీసికొని రావలెను. బాలిక తనకు మిక్కిలి ప్రియమైన వంటకము నెన్నుకొనెను. అది మెత్తని చాక్లెటు కుకీ. దానిపై కొబ్బరియు పీకాన్ పప్పును కలిసిన చిక్కని తీపి పూత యుండును. కొలతలు వ్రాసెను. విధానము వ్రాసెను. ‘ఎవరివద్ద నేర్చితిరి’ అన్నచోట మాత్రము ఏమియు వ్రాయలేదు. ఒక డబ్బాపై అచ్చువేసిన కాగితము చూచి నేర్చిన వంటకు ఎవరి పేరు వ్రాయవలెను?

ఆ కుకీలను నాయనమ్మకు తినిపింపవలెనని ఆమె కోరిక. అవ్వ యొకమారు డల్లాసు వెళ్లినది. అక్కడి వంటయింటి మీటలు ఆమెకు తెలియలేదు. రెండు నెలలును కుర్చీలో కూర్చుండి, “మీ వంటింట్లో నేను చేసే పనేముందే తల్లీ!” అని యనుచుండెను. ఆ మాట బాలిక మనస్సున నిలిచిపోయినది. నాయనమ్మ కేమియు చేత కాదనియే ఆమె యెంచుకొనెను.

మరునాడు ఉదయమున బాలిక పిండి కలుపుటకు కూర్చుండెను. నూట యేబది గ్రాముల మైదా, ముప్పది గ్రాముల కోకోపొడి, అరచెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి జల్లించెను. వేరొక గిన్నెలో నూరు గ్రాముల వెన్నయు, నూట యిరువది గ్రాముల బెల్లపు పొడియు మెదిపి, ఒక కోడిగ్రుడ్డు కొట్టి పోసి, జల్లించిన పొడిని దానిలో కలిపెను. అంతయు ముగిసిన పిమ్మట నలుదిక్కులు చూచి, “నాయనమ్మా, ఓవెన్ ఏదీ?” అని యడిగెను.

“అంటే ఏందే?”

“పైనా కిందా వేడి ఉండే పెట్టె.”

అవ్వ నవ్వెను. “పైనా కిందా నిప్పా? దిబ్బరొట్టె అట్లాగే కదా కాల్చేది! ఇనుప మూకుట్లో పిండి పోసి, మూత మీద నిప్పులు పోసేవాళ్ళం. దానికి పెట్టెందుకు?”

అవ్వ అటకపైనుండి పాత అల్యూమినియము కుక్కరు దింపించెను. దాని మూతకున్న రబ్బరును, విజిలును తీసివేసెను. అడుగున రెండు వ్రేళ్ల మందమున ఇసుక పోసి, పైన ఒక చిన్న కుదురు పెట్టి, మూతవేసి పొయ్యిపై కాచెను. ఇసుక వేడిని పట్టి యుంచి మెల్లగా వదలును. మూత ఆ వేడిని లోపల త్రిప్పును. ఇంతకంటె ఓవెను చేయు పనియు వేరొకటి కాదు. బాలిక ఆశ్చర్యపడెను.

మొదటి పళ్లెము బాలిక తన చేతులతో పెట్టెను. కాగితముపై పండ్రెండు నిమిషములని యున్నది. ఆమె ఫోనులో గడియారము చూచుచు కూర్చుండెను. సరిగా పండ్రెండవ నిమిషమున మూత తీయగా నల్లని పొగ లేచెను. కుకీల అడుగు మాడి, పలనాటి నాపరాయివలె గట్టిపడియుండెను. బాలిక కన్నుల నీరు తిరిగెను.

అవ్వ మాడిన కుకీ నొకదానిని విరిచి వాసన చూచెను. “ఎనిమిదో నిమిషానికే వాసన మారింది. నాకు వసారాలోకి వచ్చింది. నువ్వు గడియారం చూస్తున్నావని ఊరుకున్నా. ఆ పన్నెండు నిమిషాలు మీ పెట్టెవి తల్లీ, నా కుక్కరువి కావు.”

రెండవ పళ్లెమునకు అవ్వ పొయ్యివద్ద కూర్చుండెను. మంట తగ్గించెను. గడియారమువైపు చూడనేలేదు. కొంతసేపటికి చాక్లెటు వాసన వంటయిల్లంతయు నిండెను. వెంటనే “దించు” అనెను. కుకీల అంచులు గట్టిపడినవి గాని నడుమ భాగ మింకను మెత్తగా కదలుచుండెను. “ఇంకా కాలలేదు నాయనమ్మా!” అని బాలిక పలికెను.

“దించిన తర్వాత కూడా కాలుతుందే. అరిసె సంగతీ అంతే. మూకుట్లోనే గట్టిపడిందంటే చల్లారాక పళ్ళు విరుగుతాయి.”

పది నిమిషములు గడచినవి. కుకీలు తమ లోపలి వేడితో తామే కుదురుకొనెను. నొక్కిన మెత్తగా నుండి, విరిచిన జిగిగా సాగెను. ఇందు మాయ యేమియు లేదు. బెల్లము తేమను పట్టి యుంచు గుణము కలది. అందుచేత కుకీ యెండిపోదు. కోకోపొడిలోని పులుపు వంటసోడాతో కలిసినప్పుడు వాయువు పుట్టి పిండిని పొంగించును. ఇవి యన్నియు కాగితముపై వ్రాయదగినవే. కాని పొయ్యి నుండి దింపవలసిన క్షణమును ఏ కాగితమును చెప్పలేదు. దానిని ముక్కును, కన్నును, అనుభవమును చెప్పవలెను. మన పెద్దలు దానినే ‘పదును’ అనిరి.

ఇక పైపూత మిగిలియున్నది. పీకాన్ పొట్లము విప్పి చూడగా అందు పిడికెడు పప్పులు మాత్రమే కనబడెను. పెదనాన్న పిల్లలు రాత్రియే దానిని కనిపెట్టిరి! అవ్వ ఏమియు ననక గుప్పెడు వేరుసెనగపప్పు దోరగా వేయించి, పొట్టు చెరిగి, కచ్చాపచ్చాగా దంచి యిచ్చెను. డబ్బాపాలు దొరకలేదు; గేదెపాలు సగమగువరకు మరగించెను. బాలిక రెండు గ్రుడ్ల పచ్చసొనను మరుగుచున్న పాలలో పోయబోగా అవ్వ చేయి పట్టుకొనెను. “విరిగిపోతుంది. మజ్జిగపులుసు ఎట్లా కాస్తామే? సెగ తగ్గించి, తిప్పుతూ కాస్తాం. ముందు నాలుగు చెంచాల పాలు సొనలో కలుపు. అప్పుడు దాన్ని పాలలో పొయ్యి.” పిమ్మట పంచదారయు వెన్నయు చేరెను. అది చిక్కపడి గరిటెకు అంటుకొన్నప్పుడు కొబ్బరికోరును పప్పులను వేసిరి. ముద్ద మూకుడు అంచులను విడిచినంతనే అవ్వ దింపెను. లౌజునకు పట్టు పదునే అది.

ఆ ముద్దను త్రిప్పుచున్నప్పుడు అవ్వ యడిగెను: “ఈ వంటకి పేరేందే?”

“జర్మన్ చాక్లెట్ అంటారు నాయనమ్మా.”

“జర్మనీ వాళ్ళదా?”

కాదు. బాలిక తాను చదివిన సంగతి చెప్పెను. 1852వ సంవత్సరమున అమెరికాలో శామ్యూల్ జర్మన్ అనునతడు బేకర్ అను చాక్లెటు సంస్థకొరకు ఒక తీయని చాక్లెటును రూపొందించెను. దానికి అతని పేరే పెట్టిరి. నూరేండ్లు దాటిన పిమ్మట, 1957వ సంవత్సరము జూను 3వ తేదీన, డల్లాసు నగరపు దినపత్రిక యొకటి ఆ చాక్లెటుతో చేసిన కేకు విధానమును ప్రకటించెను. కొబ్బరి, పీకాన్ పప్పుల పూత గల కేకు అది. ఆ చాక్లెటు నమ్ము సంస్థ దానిని దేశమంతట ప్రచారము చేసెను. కాలక్రమమున ‘జర్మన్ గారి చాక్లెటు’ అనుమాట ‘జర్మన్ చాక్లెటు’ అయి, వినువా రెల్లరు అది జర్మనీదేశపు వంట యనుకొనిరి. ఆ కేకు రుచియే కుకీలలోనికి వచ్చినది.

“పత్రికకి పంపింది ఎవరు?”

“ఒక గృహిణి. మిసెస్ జార్జి క్లే అని వేశారు.”

“జార్జి అంటే మగవాడి పేరు కాదూ?”

“అవును. ఆమె భర్త పేరు.”

“మరి ఆమె పేరు?”

బాలిక మాటాడలేదు. పత్రికలో అచ్చయినది భర్త పేరే. అవ్వ గరిటె నాపి, “ఆ దేశంలో కూడా అంతేనన్న మాట!” అనెను.

పీకాన్ సంగతియు అట్టిదే. అది ఉత్తర అమెరికాలో పుట్టిన చెట్టు. 1919వ సంవత్సరమునుండి టెక్సాసు రాష్ట్రవృక్షము. అడవిచెట్ల కాయలు ఒక్కొక్క చెట్టున ఒక్కొక్క తీరుగా నుండెడివి. 1846-47 శీతకాలమున లూసియానాలోని ఒక తోటలో తోటమాలి యొకడు మేలైన పీకాన్ కొమ్మలతో పదునారు చెట్లకు అంటుకట్టి కృతార్థుడయ్యెను. మేలిరకపు పీకాన్ తోటలకు ఆ పని త్రోవచూపినది. 1876లో ఫిలడెల్ఫియా నగరమున జరిగిన మహాప్రదర్శనమున ఆ కాయలు మెప్పు పొంది, ఆ రకమునకు ‘సెంటెన్నియల్’ అను పేరు వచ్చెను. కాయకు పేరు వచ్చినది గాని, అంటుకట్టినవానికి సగము పేరే మిగిలినది. అతడు బానిస. ‘ఆంట్వాన్’ అను నొక్కమాట తప్ప అతని యింటిపేరు చరిత్రలో లేదు.

అవ్వ చాలసేపు మూకుడువైపు చూచుచుండెను. తరువాత మెల్లగా ననెను: “నన్ను మాత్రం పేరుతో పిలిచేవాళ్ళు ఎవరున్నారే? పెళ్లయిన కొత్తలో ఫలానావారి కోడలన్నారు. తర్వాత మీ నాన్న వాళ్ళమ్మ అన్నారు. ఇప్పుడు నాయనమ్మని.”

సాయంకాలమునకు పూత పూసిన కుకీలు పళ్లెము నిండ సిద్ధమయ్యెను. పెదనాన్న పిల్లలు తినిరి. ఇరుగుపొరుగువారు తినిరి. వేరుసెనగ వేసినవియే బాగుండెనని అనేకులు పలికిరి. ఆలోచించి చూచినచో వేరుసెనగయు ఒకప్పుడు దక్షిణ అమెరికానుండి వచ్చినదే. పలనాటి మిరపయు అమెరికా ఖండమునుండి వచ్చినదే. కోకో చెట్టును నేడు గోదావరి మండలములలో కొబ్బరిచెట్ల నీడన పెంచుచున్నారు. కొబ్బరియు చాక్లెటును ఆంధ్రదేశమున ఒకే తోటలో పొరుగువారై యున్నవి. ఏ పంటయైనను మన చేతికి లొంగినప్పుడు మనదగును.

రాత్రి బాలిక తన పుట తీసెను. కొలతలలో పీకాన్ ప్రక్కన ‘వేరుసెనగ’ అని చేర్చెను. పండ్రెండు నిమిషములను కొట్టివేసి, ‘వాసన మారకముందే, నడుమ మెత్తగా నున్నప్పుడే దింపవలెను’ అని వ్రాసెను. పిమ్మట ఖాళీగా నున్న చోటికి వచ్చి, “నాయనమ్మా, నీ పూర్తి పేరేమిటి?” అని యడిగెను.

“పుట్టింటి పేరుతోనా, మెట్టినింటి పేరుతోనా?”

“నీకు ఏది ఇష్టమైతే అది.”

అట్టి ప్రశ్న ఆమె నెవ్వరు నడిగి యుండలేదు. అవ్వ కొంచెమాగి, రెండు ఇంటిపేర్లును కలిపి తన పేరు చెప్పెను. బాలిక దానిని మొదట ఇంగ్లీషులో వ్రాసెను. తరువాత తనకు రాని తెలుగు అక్షరములను అవ్వ నడిగి, తప్పులు దిద్దుకొని, దానిక్రింద తెలుగులో వ్రాసెను. అవ్వ కళ్లజోడు పెట్టుకొని, ఆ పంక్తిపై వ్రేలుంచి, ఒక్కొక్క యక్షరమే కూడబలుకుకొని చదివెను.

“ఇది మీ బళ్ళో అందరూ చదువుతారా?”

“చదువుతారు. గోడకి కూడా అంటిస్తారు.”

“అయితే ఉప్పు చిటికెడని రాశావా? అది మరిచిపోతే తీపి తెలియదు” అని చెప్పి, అవ్వ మిగిలిన కుకీలను డబ్బాలో పెట్టుటకు లేచెను.