నత్తి హీరో, మా అన్నయ్య

2009 ఆగస్టులో హైదరాబాదులో ఒక హాల్లో కూర్చుని హిందీ ‘కమీనే’ చూస్తూ నేను నవ్వాను. అందరూ నవ్వారు కాబట్టి నేనూ నవ్వానంటే అది అబద్ధం. అందరికంటే ముందు నవ్విన వాణ్ణి నేనే. నా పక్క సీట్లో మా అన్నయ్య ఉన్నాడు. మా అన్నయ్యకి నత్తి.

అప్పటికి ఆరునెలలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. కారణం చెబితే మీరూ నవ్వుతారు, చెప్పక తప్పదు. అన్నయ్య పెళ్లిచూపులకి వెంట వెళ్లాను. పిల్ల తండ్రి “ఎక్కడ చేస్తున్నారు బాబూ?” అని అడిగాడు. అన్నయ్య “బ...” అని ఆగిపోయాడు. పెదాలు బిగుసుకుపోయాయి, మెడ నరాలు లేచాయి. ఆ నిశ్శబ్దం భరించలేక “బ్యాంకులోనండీ” అనేశాను. వాడు చెప్పబోయింది ‘బందరులో’ అని! బందరులో ఒక కాలేజీలో గుమాస్తా వాడు. నాలుగు రోజులకి నిజం తెలిసింది. ‘అబద్ధాలాడే ఇంటికి పిల్లనివ్వం’ అని కబురు పంపారు. అన్నయ్య తిట్టలేదు, కొట్టలేదు. నాతో మాట్లాడటం మానేశాడంతే.

ఆగస్టులో ఆఫీసు పని మీద హైదరాబాదు వచ్చి, అమ్మ పోరు పడలేక బర్కత్‌పురాలో నా గదిలో దిగాడు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని గోడలు చూడటం కంటే తెర చూడటం నయమని సినిమాకి తీసుకెళ్లాను. కథేమిటో నాకు తెలియదు. అన్నదమ్ముల కథ అని తెలిసుంటే చచ్చినా తీసుకెళ్లేవాణ్ణి కాదు.

అవి స్వైన్ ఫ్లూ రోజులు. సినిమా విడుదలైన వారమే బొంబాయి, పూనాల్లో హాళ్లు మూసేశారు. దేశంలో మొదటి కేసు ఆ మే నెలలో బయటపడింది మన హైదరాబాదులోనే కదా, ఇక్కడా భయం లేకపోలేదు. సగం మంది మూతికి గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. ఎవరైనా దగ్గితే ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు. అయినా ఈలలకి మాత్రం లోటు లేదు. ‘ధన్ తె నన్’ పాట వచ్చేసరికి ఆ గుడ్డలన్నీ మెడల్లోకి జారాయి.

కవలల కథలకి మనం కొత్తవాళ్లమా? 1964లో ‘రాముడు భీముడు’లో రామారావు గారి ద్విపాత్రాభినయం చూసి మురిసిన జాతి మనది. ఒకడు పిరికివాడు, ఒకడు మొనగాడు. మొనగాడు కొరడా తీసేదాకా మనకి ఊపిరాడదు, తీశాక కుర్చీలో కూర్చోలేం. ఎవరి పక్షాన ఉండాలో ఆ సినిమా మనకి మొదటే చెప్పేస్తుంది. విశాల్ భరద్వాజ్ అలా చెప్పడు. షాహిద్ కపూర్ వేసిన ఇద్దరు కవలల్లో చార్లీ గుర్రప్పందేల చుట్టూ తిరిగే చిల్లర దొంగ. వాడి నోట ‘స’ పలకదు, ‘ఫ’ అంటాడు. గుడ్డూ బుద్ధిమంతుడు, నత్తివాడు. ఒకడి మొహం ఒకడికి గిట్టదు. గుడ్డూ ఒక రౌడీ నాయకుడి చెల్లెలితో ప్రేమలో పడి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. చార్లీ కొకైన్ దాచిన గిటారు ఎత్తుకొచ్చి పోలీసులనీ, దొంగలనీ వెంట తిప్పుకుంటాడు. ఒకడనుకుని ఇంకొకణ్ణి పట్టుకుంటారు. మామూలుగా అయితే కడుపుబ్బ నవ్వాల్సిన కథే.

నవ్వారు కూడా. చార్లీ ‘ఫ’ అన్నప్పుడల్లా గోల. గుడ్డూ మాట తడబడినప్పుడల్లా వెనక వరస కుర్రాళ్లు వాడితోపాటు తడబడేవారు. పాడితే మాత్రం గుడ్డూకి నత్తి రాదు. మాట ఆడనప్పుడు పాటెత్తుకుంటాడు. అక్కడ హాలు దద్దరిల్లిపోయింది. నేను ఓరకంట అన్నయ్యని చూశాను. వాడు నవ్వటం లేదు, కోపంగానూ లేడు. పరీక్షలో పక్కవాడి పేపరు చూసే కుర్రాడిలా తెరకేసి ముందుకి వంగి ఉన్నాడు.

ఇక ఆ రౌడీ నాయకుడు, చార్లీ స్నేహితుడు మిఖాయిల్ ఎదురుపడే ఘట్టం. మిఖాయిల్ తాగి వేళాకోళాలాడుతుంటాడు. తుపాకీతో ఆట. హాలంతా పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వులోనే నిజం తూటా పేలింది. మనిషి పడిపోయాడు. నవ్వు గొంతులో ఇరుక్కోవడం అంటే ఏమిటో ఆరోజే చూశాను. రెండు మూడు గొంతులు మాత్రం ఆగలేక ఇంకా నవ్వుతూనే ఉండి, తర్వాత సిగ్గుపడి ఆగాయి. ఈ చిత్రం కూర్చిన శ్రీకర్ ప్రసాద్ మనవాడే, ఎల్.వి. ప్రసాద్ గారి తమ్ముడు సంజీవి గారి అబ్బాయి. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో ఆయనకి ప్రత్యేక జ్యూరీ అవార్డు ఇచ్చినప్పుడు లెక్కలోకి తీసుకున్న సినిమాల్లో ఇదొకటి. ప్రేక్షకుడి నవ్వుని ఎక్కడ కత్తిరించాలో ఆ కత్తెరకి బాగా తెలుసు.

ఆట వదిలారు. మెట్ల మీద రకరకాల మాటలు. “ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు” అన్నాడొక పెద్దాయన. “అసలు సినిమా అంటే ఇదిరా” అన్నాడు ఆయన కొడుకో, మేనల్లుడో. ఎవరి డబ్బులు వాళ్లవి, నేను తగువు తీర్చబోను.

బయట ఆటో మాట్లాడటానికి అన్నయ్య ముందుకి వెళ్లాడు. “బ...” అని ఆగిపోయాడు. మా వెనక వరస కుర్రాళ్లు అక్కడే సిగరెట్లు ముట్టిస్తున్నారు. వాళ్లలో ఒకడు, “పాడన్నా, పాడి చెప్పు!” అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. పాపం, వాళ్లలో పగ ఏమీ లేదు. లోపల రెండున్నర గంటలు చేసిన పనే బయటా చేస్తున్నారు. ఆటోవాడు కూడా నవ్వాడు.

‘బర్కత్‌పురా’ నా నాలిక చివర ఉంది. అనేస్తే అయిపోతుంది. అనలేదు. కుర్రాళ్లని నాలుగు తిట్టాలనీ ఉంది. అదీ చెయ్యలేదు. జేబులో చేతులు పెట్టుకుని నించున్నాను. ఎంతసేపో తెలియదు, నాకైతే ఇంటర్వెల్ అంత అనిపించింది. చివరికి వాడే “బర్కత్‌పురా. మీటర్ మీద” అన్నాడు.

ఆటో కదిలాక, ఆరునెలల తర్వాత, నాతో మొదటి మాట మాట్లాడాడు.

“అతను బా... బాగా చేశాడు. కానీ మాట ఊ... ఊరికే తిప్పి తిప్పి పట్టుకుంటాడు. నాకు అలా కాదు. అసలు శబ్దమే రాదు. లో... లోపల తలుపు వేసేసినట్టుంటుంది.” కాసేపాగి, “బ్యాంకు కాదురా వెధవా. బందరు” అన్నాడు. నత్తి రాలేదు.

2010లో వాడికి వేరే సంబంధం కుదిరింది. ఆ పెళ్లిచూపులకి నేను వెళ్లాను గాని నోరెత్తలేదు.

2017 సెప్టెంబరులో ‘జై లవకుశ’ వచ్చింది. ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దవాడు జైకి నత్తి. చిన్నప్పుడు నాటకంలో తమ్ముళ్లు ముందుకొచ్చేసి వాణ్ణి వెనక్కి నెట్టేస్తారు. ఆ కక్షతోనే వాడు రావణుడవుతాడు. అన్నయ్య బందరులో కూతుర్ని తీసుకుని చూసి, ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు. ఫోన్లో వాడికి నత్తి మరీ ఎక్కువ. అటు నుంచి నిశ్శబ్దం వస్తే లైను కట్ అయిందనుకుని జనం పెట్టేస్తారు. నేను పెట్టలేదు.

“ఈ... ఈలలురా. జూనియర్ ఎన్టీఆర్ తడబడినప్పుడల్లా ఈలలు. న... నత్తికి ఈలలు వేస్తారని నాకు ఇన్నాళ్లూ తె... తెలీదు.”

“మరి నీ కూతురేమంది?”

అటు చాలాసేపు నిశ్శబ్దం. నేను రిసీవరు పట్టుకుని కూర్చున్నాను.

“బ... బజ్జీలు కావాలంది.”