శక్కర్‌నగరు నుండి శంషాబాదు దాక

నిజామాబాదునకు పూర్వనామము ఇందూరు. అచటి నుండి పడమరగా బోధనునకు పోవు త్రోవలో, మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువల క్రింది పొలములు కన్నులపండువుగా నుండును. బోధను చెంతనే శక్కర్‌నగరు. ఆసియాలోకెల్ల పెద్దదని ఒకప్పుడు పేరొందిన నిజాం చక్కెర కర్మాగార మిచటిదే. 2015 డిసెంబరులో అది మూతపడినది. ఈ సీమవారు దుబాయి, సౌదీల దారి పట్టుట అంతకు చాల ముందటి మాటయే. కాని ఊర నిలుచుటకు గల ఆధారము దానితో మఱియొకటి తెగినది.

సోదరీమణులారా, ఇచటి యిల్లాండ్రకు శంషాబాదు విమానాశ్రయ మనగానే విమానము తోచదు. ఇమిగ్రేషను అధికారి కూర్చుండు బల్ల తోచును. పదవ తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టుపై సామాన్యముగా ఈ.సి.ఆర్. అను మూడక్షరము లుండును. 1983 నాటి వలసల చట్టము ప్రకారము వీరు గల్ఫు రాజ్యములు మొదలుగా 18 దేశములకు పనికై పోవలెనన్న ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెను. 2018 జనవరిలో వీరికి నారింజవన్నె అట్టగల పాస్‌పోర్టు లియ్యదలచి, నిరసన పుట్టగా ఆ నెలలోనే మానుకొనిరి. చదువు లేమిని అట్టపై చాటింపకుండుట మేలే!

దొంగ ఏజెంటు దగ్గఱిదారి చూపును. "చూచివచ్చుటకు పోవుచున్నానని చెప్పుము" అనును. సందర్శన వీసాకు ఆ యనుమతి అక్కఱలేదు గదా! అధికారి ఊరకుండునా? ఎవరింటికి? ఎన్నాళ్లు? చేత సొమ్మెంత? చేతులు కాయలు గాచిన రైతుబిడ్డ తడబడును. అంతటితో ప్రయాణ మాగును. టికెట్టు సొమ్ము నీటిపాలు.

స్త్రీల విషయమున కట్టడి మఱింత బిగి. ఈ.సి.ఆర్. పాస్‌పోర్టు గల స్త్రీ 30 ఏండ్లు నిండక ఆ దేశములకు పనికి పోరాదు. ఇంటిపనికి పోవువారిని ప్రభుత్వ సంస్థల ద్వారమున మాత్రమే పంపవలెనని 2016లో నియమము వచ్చినది. పరాయి యిండ్లలో కొందఱు పడిన పాట్లు తెలిసి చేసిన కట్టుబాటిది; తప్పుపట్టజాలము. అయినను బిడ్డల నోట ముద్ద పెట్టవలసిన 26 ఏండ్ల వితంతువునకు తిన్నని తలుపు మూసికొన్నచో, ఏజెంటు చూపు దొడ్డిదారియే దిక్కగును. పట్టుబడినచో నష్టమెల్ల ఆమెదే. వానికి చీమ కుట్టినట్లైన నుండదు.

ఈ గడప దాటినను ఆవల దుబాయిలో మఱియొక గడప కలదు. ఒకమాఱు బహిష్కృతుడైనవాడు క్రొత్త పాస్‌పోర్టుతో దిగినను, కంటిని పరీక్షించు యంత్రము వానిని పట్టియిచ్చును. వచ్చినదారినే త్రిప్పి పంపుదురు. అట్టివాడు పగటిపూట బస్సు దిగుటకు సిగ్గుపడి చీకటిపడినపిమ్మట ఊరు చేరును. వడ్డీ మాత్రము అప్పు తెచ్చిన నాటినుండియే నడచుచుండును.

చట్టప్రకారము నమోదైన ఏజెంటు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. వాని పేరు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో కలదో లేదో, పుస్తెలతాడు తాకట్టునకు పోకమునుపే ఇంటిలోని చదువుకొన్న ఆడపిల్ల ఫోనులో చూచి చెప్పగలదు.