ఫోటోలో లేని మచ్చలు

పగలు కాలేజీలో తెలుగు చెబుతాను. రాత్రి భోజనాలయ్యాక పాత ఫోటోలు చూసి పెన్సిలుతో బొమ్మలు గీస్తాను. మొదటిదానికి జీతమిస్తారు, రెండవదానికి మనిషినిబట్టి ఇస్తారు. "ఎం.ఏ. చదివినవారికి ఇదేం పిచ్చండీ?" అని మా ఆవిడ మొదట్లో విసుక్కునేది గాని, ఆ డబ్బుతో మిక్సీ కొన్నప్పటినుంచీ పెన్సిళ్ళు తనే చెక్కిపెడుతోంది.

ఈ పనిలో కష్టమంతా గీతలో ఉందనుకుంటారు. కాదు, చూడడంలో ఉంది. పాత ఫోటో అంటే ఒక మూల చెదలు తిని ఉంటాయి, అంచుల్లో వెండి పైకి తేలి అద్దంలా మెరుస్తుంది, ముఖంమీద బూజు. ఏది మనిషో, ఏది మరకో ముందు తేల్చుకోవాలి. ఆ తరువాత ఫోటో నకలుమీదా, కాగితంమీదా గళ్ళు గీసుకుని, ఒక్కొక్క గడే దింపుకుంటూ పోవడమే. హెచ్.బి.తో మొదలుపెట్టి, జుట్టు దగ్గరికి వచ్చేసరికి సిక్స్ బి. అందుకుంటాను.

మొన్న వేసవిలో హైదరాబాదునుంచి ఒక కుర్రవాడు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. వాళ్ళ మామ్మగారికి ఎనభయ్యో పుట్టినరోజట. ఆవిడ చిన్నతనంలోనే పోయిన తల్లి బొమ్మ గీయించి ఇస్తాడట. 1951లో స్టూడియోలో తీయించుకున్న ఫోటో. కుర్చీలో పాతికేళ్ళ ఇల్లాలు, పక్కన బల్లమీద పూలకుండీ. చెదలు ముఖాన్ని ముట్టలేదు. నున్నటి బుగ్గలు. ఇంత సులువైన పని ఎప్పుడూ తగల్లేదనుకుని పది రోజుల్లో ముగించాను.

మామ్మగారుండేది మా రాజమండ్రిలోనే. పటం కట్టించకముందు ఒకసారి చూపిద్దామని నేనే పట్టుకువెళ్ళాను. మనవడు సెల్‌ఫోనులో వీడియో తీస్తున్నాడు. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని, చాలాసేపు చూసి, "బాగుంది నాయనా" అంది. ఇరవై ఏళ్ళుగా పరీక్ష పేపర్లు దిద్దుతున్నవాణ్ణి, ఆ "బాగుంది" ఎలాంటిదో నాకు తెలియదూ? సున్నా వెయ్యడానికి మనసొప్పక ముప్పై అయిదు వేసే "బాగుంది" అది.

"పోలిక రాలేదా మామ్మగారూ?"

"వచ్చింది. ఫోటోలో అమ్మ వచ్చింది. మా అమ్మకి స్ఫోటకం మచ్చలుండేవి నాయనా. పక్కలో పడుకోబెట్టుకున్నప్పుడు ఆ గుంటలు వేలితో లెక్కపెట్టేదాన్ని."

తెల్లబోయాను. ఫోటో పెద్దది చేసి చూశాను. ఒక్కటీ లేదు. అప్పుడు తట్టింది. ఆ రోజుల్లో స్టూడియోవాళ్ళు నెగెటివు వెనక వెలుతురు పెట్టుకుని, సన్నగా చెక్కిన పెన్సిలుతో దానిమీద చుక్కలు పెట్టేవారు. ముఖంమీది నల్లమచ్చ నెగెటివులో తేటగా ఉంటుంది. అక్కడ పెన్సిలు పడితే, అచ్చు వేసినప్పుడు ఆ చోటు తెల్లబడి చర్మంలో కలిసిపోతుంది. ముడతలూ, మొటిమలూ, స్ఫోటకం గుంటలూ అన్నీ అలాగే మాయం చేసేవారు. మన దేశంలో స్ఫోటకం లేదని 1977లో ప్రకటించారు. అంతకు పాతికేళ్ళ ముందే ఈ తల్లి ముఖంమీదినుంచి దాన్ని ఎవరి పెన్సిలో తుడిచేసింది. పాపం, ఆయనా మర్యాదకే చేసి ఉంటాడు.

"ఇంత అందంగా ఉంటే ఇప్పుడు మచ్చలెందుకు మామ్మా? ఫంక్షన్‌కి అందరూ వస్తారు" అన్నాడు మనవడు. డబ్బిచ్చేది అతను. పది రోజులు కష్టపడ్డ ఆ నున్నటి బుగ్గలమీద నాకూ కొంచెం మమకారముంది, దాచడమెందుకు?

ఆవిడ మాట పెంచలేదు. "నీ ఇష్టంరా" అని బొమ్మ బల్లమీద పెట్టి, వంటింటివైపు లేచింది. ఆ లేవడం చూశాక జేబులోంచి పెన్సిలు తీశాను.

"ఎక్కడెక్కడో చెప్పండి."

కళ్ళు మూసుకుని, తన బుగ్గమీదే వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ మూడు, దగ్గరదగ్గరగా. ముక్కు పక్కన ఒకటి, లోతైనది..." ఒకవైపు నెలవంకలా చిన్న నీడ, దానికెదురుగా రబ్బరుతో ఒక తెల్లటి చుక్క. అంతే, గుంట పడుతుంది. రెండో బుగ్గ దగ్గర ఆవిడ తడబడింది. పక్కలో పడుకున్న పిల్లకు అమ్మ ఒక బుగ్గే తెలుసు. రెండవదాన్ని నేను ఊహించి గీయలేదు; అలాగే వదిలేశాను.

మొత్తం పదకొండు మచ్చలు. మనవడు వీడియో ఎప్పుడు ఆపేశాడో చూసుకోలేదు.

ఆవిడ వేలు చాచి ముక్కు పక్కదాన్ని తాకింది. ఇంకా ఫిక్సేటివ్ కొట్టలేదు. పెన్సిలు పొడి వేలికంటి, మచ్చ కాస్త చెదిరింది. సరిచెయ్యబోతే, "ఉండనీ నాయనా" అని బొమ్మను తనవైపు లాక్కుంది.